రాజేశం పురుగును చెడగొట్టిందెవరు?

ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. వచ్చినవాళ్ళు అడిగేది ఒకటే, ఏ మిషన్ మంచిది, ఏ కోర్సు చేస్తే జీతం పెరుగుతుంది అని. నాకు రెండూ తెలియవు. నా కాలంలో మా ల్యాబులో ఒక మైక్రోస్కోపు, ఒక ఇంక్యుబేటరు, ఒక ఫ్రిజ్జు ఉండేవి. ఆ ఫ్రిజ్జులో పై అర కల్చర్ ప్లేట్లకు, కింది అర డాక్టరు గారి మజ్జిగకు. అది తప్పని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఇద్దరం ముప్ఫై ఏళ్ళు ఆ సంగతి మాట్లాడుకోలేదు.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా నిజానికి ఒక్క కేసులో ఉంది. మిగతా ఏళ్ళన్నీ రక్తం, మూత్రం, కళ్ళె, సంతకం. ఆ ఒక్క కేసూ రాస్తాను. నవ్వొస్తే నవ్వండి, కానీ చివరిదాకా చదవండి.

గని దిగి ఆసుపత్రి ఎక్కిన మనిషి

నేను పనిచేసింది గోదావరిఖనిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. నలభై మంచాలు. పేరు రాయను. ఇప్పుడు అది లేదు, ఆ జాగాలో ఫంక్షన్ హాలు నడుస్తోంది. తెలంగాణ ఇంకా రాలేదు, రేపో మాపో అన్నంత ఊపు మాత్రం ఉన్న రోజులవి. వారంలో రెండు రోజులు బందు, ఒకరోజు రాస్తారోకో.

మా ఆసుపత్రి పాలన చూడటానికి ఓనరు ఒక రిటైరైన గని మేనేజరును తెచ్చి పెట్టాడు. గుంటూరు వైపు మనిషి. మంచివాడే. చెయ్యి చాపితే లేదనడు. కానీ ముప్ఫై ఏళ్ళు భూమి కింద బతికినవాడికి పైన ఉన్నదంతా కూడా గనిలాగే కనపడుతుంది. ఆయన వచ్చిన వారంలోనే వరండాలో గోడల పొడుగునా సున్నం పొడి చల్లించాడు. బొగ్గు దుమ్ము అంటుకోకుండా గనిలో రాతి పొడి చల్లుతారట. "ఇక్కడ బొగ్గు లేదు కదండీ" అంటే, "అలవాటు మంచిదే కదండీ" అన్నాడు. ఆ నెలంతా రోగులు తెల్ల పాదాలతో తిరిగారు. దగ్గు కేసులు మాత్రం పెరిగాయి.

ఆయన పెట్టిన వాటిలో పెద్దది బిళ్ళల పద్ధతి. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకొచ్చి దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. బిళ్ళ మేకుకు వేలాడుతుంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. చాలా ప్రాణాలు కాపాడిన పద్ధతి అది, దాన్ని నేను వెక్కిరించను. మా మేనేజరు గారు దాన్ని మూత్రం కొలిచే జగ్గుకు పెట్టారు. అదొక్కటే నా బాధ.

మూత్రపు గొట్టం, సంచి ఉన్న రోగులకు రోజుకు ఎంత మూత్రం వచ్చిందో కొలవాలి. సంచి కింద చిన్న కుళాయి ఉంటుంది, అది తిప్పి గీతలున్న జగ్గులో పట్టి కొలుస్తారు. మంచానికొక జగ్గు ఉండాలి. ఉండేవి కూడా. అవి ఇళ్ళకు నడిచిపోతున్నాయని తెలిసి మేనేజరు గారు ఆసుపత్రి మొత్తానికీ ఒకే ఒక్క స్టీలు జగ్గు ఉంచారు. మెట్ల పక్క కిటికీలో వాచ్‌మన్ కూర్చుంటాడు. జగ్గు కావాల్సినవాళ్ళు తమ బిళ్ళ ఇవ్వాలి. ఎవరి బిళ్ళ, ఎన్ని గంటలకు, ఏ మంచానికి అన్నది వాచ్‌మన్ పుస్తకంలో రాస్తాడు. ఆ తర్వాత మా జగ్గు ఒక్కసారి కూడా పోలేదు. అది చేయాల్సిన పని చేసుకుంటూ పోయింది.

లచ్చవ్వ షిఫ్టు

కేసు ఇది. జ్యోతినగర్ కరెంటు ప్లాంటు ఇంజనీరు ఒకాయన కిడ్నీలో రాయి తీయించుకుని, మూత్రపు గొట్టంతో స్పెషల్ రూములో ఉన్నాడు. ఆయన మూత్రంలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా పెరిగింది. పరమ మొండిది. నేను ప్లేటు మీద ఐదు మందులు తడిపిన కాగితపు బిళ్ళలు పెట్టి చూస్తే ఐదింటినీ లెక్కచేయలేదు. సోమవారం రాజేశం అని మందమర్రి గని కార్మికుడు నడుము దెబ్బతో మగవాళ్ళ వార్డులో చేరాడు. అతనికీ మూత్రపు గొట్టం పెట్టారు. అతని మూత్రంలో ఉన్నది ఇ.కోలై. అది మన అందరి పేగుల్లో ఉండే మామూలుదే, పాపం అమాయకురాలు. ఏ మందు చూపించినా చచ్చిపోయింది.

అదే సోమవారం పొద్దున మా ఆయా లచ్చవ్వ చెల్లెలి మనవరాలి పేరు పెట్టుడు ఉందని బెల్లంపల్లికి పోయింది. శుక్రవారం పొద్దున ఏడింటి షిఫ్టుకు తిరిగొచ్చింది. మధ్యాహ్నం మూడింటికి రాజేశానికి చలిజ్వరం. మళ్ళీ కల్చర్ పెడితే ఇ.కోలైయే పెరిగింది, కానీ సోమవారంది కాదన్నట్టు పెరిగింది. ఐదు మందుల్లో ఒక్కటీ పనిచేయలేదు. డాక్టరు గారు కరీంనగర్ నుంచి పెద్ద మందు తెప్పించి రాజేశాన్ని నిలబెట్టారు. అతను బాగానే ఉన్నాడు, ఇంకా నాకు బజారులో కనపడతాడు. కాబట్టి అతని గురించి ఫికరు పెట్టుకోకండి. ఫికరంతా లచ్చవ్వది.

గనిలో ప్రమాదం జరిగితే మొదటి ప్రశ్న, ఆ షిఫ్టులో ఎవరున్నారు? జ్వరం మూడింటికి వచ్చింది. ఏడింటి నుంచి మూడింటి దాకా ఆ వార్డు ఆయా లచ్చవ్వ. మేనేజరు గారు కల్చర్ ఫలితం వచ్చిన మర్నాడు పొద్దున్నే విచారణ ఫారం తీసి, 'బాధ్యులు' అన్న గడిలో ఆమె పేరు రాసేశారు. విచారణ తర్వాత మొదలైంది.

లచ్చవ్వ ల్యాబు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎప్పుడూ గొంతు పెద్దది ఆమెకు. ఆ రోజు చిన్నగా మాట్లాడింది.

"సారూ, కొలువు పోతే ఇంకో దవాఖానల సూసుకుంట. ఇరవై ఏండ్లసంది మంది ముడ్లు కడిగి బతుకుతున్న, నాకు పనికి కరువు లేదు. గానీ లచ్చవ్వ పురుగు మోసుకొచ్చిందని పేరు వడ్డదనుకో, ఈ ఊర్లె ఏ దవాఖాన నన్ను గడప దొక్కనియ్యది. నా పేరు ఆ కాయితం మీదికెళ్ళి తీపియ్యి."

నా మొదటి సాక్ష్యం

విచారణలో ముగ్గురు కూర్చున్నారు. మేనేజరు గారు, ఏమీ మాట్లాడని డాక్టరు గారు, ఆసుపత్రి వర్కర్ల యూనియన్ తరఫున కొమురయ్య. కొమురయ్య కూడా ఒకప్పుడు బొగ్గు కొట్టినవాడే, ఒక కాలు ఈడుస్తూ నడుస్తాడు. లచ్చవ్వ గోడకు ఆనుకుని నిలబడింది. ఆమెకు కుర్చీ వేయాలని ఎవరికీ తట్టలేదు, నాకు కూడా.

నేను సంతకం పెట్టిన రిపోర్టు వాళ్ళ ముందు పెట్టి, ధైర్యంగా చెప్పాను. "ఇంజనీరుది ఒక జాతి, రాజేశానిది వేరే జాతి. రెండూ ఒకటే అయ్యుంటే ఒకరి నుంచి ఒకరికి మోసుకెళ్ళారని అనొచ్చు. ఇక్కడ రెంటికీ సంబంధమే లేదు. లచ్చవ్వ తప్పేమీ లేదు."

మేనేజరు గారు రెండుసార్లు చదువుకుని, "అయితే ఏదీ ఎక్కడికీ పోలేదంటారు" అన్నారు. పోలేదన్నాను. కాగితం పక్కన పెట్టారు. లచ్చవ్వ నాకు ఇంటి నుంచి సర్వపిండి తెచ్చింది. తిన్నాను. చాలా బాగుంది.

తిన్న మర్నాడు రెండు ప్లేట్లూ పక్కపక్కన పెట్టి చూశాను. ఐదు మందులు. ఇంజనీరు పురుగు తట్టుకున్నవీ, రాజేశం పురుగు తట్టుకున్నవీ సరిగ్గా అవే ఐదు. ఒకటి అటూ ఇటూ అయినా సరిపెట్టుకునేవాణ్ణి. నాకు చదువులో మూలన పడేసిన ఒక పాఠం గుర్తొచ్చింది.

ఆ పాఠం ఏమిటంటే, కొన్ని బ్యాక్టీరియాల్లో అసలు జన్యువులు కాక, విడిగా చిన్న ఉంగరంలాంటి డీఎన్ఏ ఉంటుంది. దాన్ని ప్లాస్మిడ్ అంటారు. మందులను తట్టుకునే విద్య ఒక్కోసారి ఆ ఉంగరంలోనే రాసి ఉంటుంది. అది ఉన్న బ్యాక్టీరియా సన్నని పోగు ఒకటి చాచి పక్కనున్న దాన్ని పట్టుకుని దగ్గరకు లాక్కుంటుంది. రెండూ ఆనుకున్నాక ఉంగరానికి నకలు తీసి ఇస్తుంది. తనది తన దగ్గరే ఉంటుంది. తీసుకున్నది కూడా అప్పటి నుంచి ఇంకొకదానికి ఇవ్వగలదు. జాతి వేరైనా సరే. పుస్తకాల్లో దీన్ని సంయుగ్మం అంటారు.

అంటే పురుగు మారలేదు. రాజేశం పురుగు రాజేశందే. ఇంజనీరు పురుగు దాన్ని కలిసి, విద్య నేర్పి పోయింది. రెండూ ఎక్కడో కలిశాయి. సంబంధం లేదని నేను సంతకం పెట్టి చెప్పింది శుద్ధ తప్పు.

నోరు మూసుకుంటే లచ్చవ్వ క్షేమం. మూడు రోజులు మూసుకున్నాను. కానీ కిటికీలో జగ్గు కనపడుతూనే ఉంది. మగవాళ్ళ వార్డులో ఇంకో ఇద్దరికి గొట్టాలు పెట్టారు. నాలుగో రోజు పోయి మేనేజరు గారికి చెప్పేశాను. ఆయన ముఖం వెలిగింది. "అయితే లచ్చవ్వేనన్నమాట!" అన్నారు.

ఈసారి లచ్చవ్వ గొంతు వరండా ఆ చివరికి వినపడింది. "నా పిండి అరిగిందా సారూ? అరిగినంక నోరు తెరిసినవా?"

పురుగుల లగ్గం

మేనేజరు గారు రుజువు అడిగారు. రాజేశం సోమవారం నాటి అమాయకపు ఇ.కోలై నా ఫ్రిజ్జులో మజ్జిగ మీద భద్రంగా ఉంది. దాన్నీ, ఇంజనీరు క్లెబ్సియెల్లానూ ఒకే గొట్టంలో పులుసులాంటి ద్రవంలో పొద్దున కలిపి, నాలుగు గంటలు వెచ్చగా ఉంచాను. తర్వాత ఆ ఐదు మందుల్లో ఒకటైన జెంటామైసిన్ ఇంజెక్షను కలిపిన ప్లేట్ల మీద పూశాను. మర్నాడు మూడు ప్లేట్లు తీసుకుని విచారణకు పోయాను.

ఒకటి, అమాయకురాలు ఒక్కతే. ప్లేటు ఖాళీ. రెండు, ఇంజనీరుది ఒక్కటే. తుమ్మ జిగురులా సాగే పెద్ద పెద్ద చుక్కలు. మూడు, కలిపి ఉంచినవి. జిగురు చుక్కల మధ్య పొడిగా, చదునుగా ఇ.కోలై చుక్కలు. నిన్నటి దాకా చచ్చిపోయేది ఇవాళ మందు మీదే కాపురం పెట్టింది.

కొమురయ్య ప్లేటు వెలుతురుకు పట్టుకుని చూశాడు. "రెండు ఒగదాన్నొకటి పట్టుకున్నయంటివి. గిండ్ల ఆడిదేది, మగదేది?"

"అట్లాంటి తేడా లేదు కొమురయ్యా. ఇచ్చేది, తీసుకునేది. అంతే."

"మరి పిల్లలు?"

"ఇందులో పిల్లలు పుట్టరు."

"పిల్లలు పుట్టరు, ఆడ మగ లేదు. గిదేం లగ్గం సారూ?"

"లగ్గమని నేనన్నానా?" అన్నాను. కానీ మేనేజరు గారు అప్పటికే విచారణ కాగితంలో 'ఉభయుల వివాహం రుజువు కాలేదు' అని రాసేశారు. ఆ కాగితం నకలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

కొమురయ్యకు అర్థమయ్యేట్టు ఎట్లా చెప్పాలో నాకు తోచలేదు. చివరికి ఇట్లా చెప్పాను. "బొగ్గు బాయిల తండ్రి దిగిపోతేనే కొడుక్కు కొలువు దొరకాలె, అవునా? అది కూడా ఇప్పుడు బందు పెట్టిండ్రు. ఈ పురుగులకు అట్ల కాదు. తన కొలువు తనకే ఉంటది. పక్కింటోనికి ఒక నకలు రాసిస్తది. వాడు చుట్టం కాకపోయినా ఇస్తది. వాడు మళ్ళ ఇంకొకనికి ఇస్తడు."

కొమురయ్య ప్లేటు కింద పెట్టాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నిజంగానే. "పురుగులకున్న బుద్ధి మనకు లేకపాయె సారూ. నా కొడుకు మూడేండ్లసంది ఖాళీగున్నడు." తర్వాత గని గేటు మీటింగులో వారసత్వ ఉద్యోగాల గురించి మాట్లాడుతూ, "గంత చిన్న పురుగు ఇస్తున్నది, మీకేం రోగం?" అని అడిగాడట. చప్పట్లు బాగా కొట్టారని విన్నాను. నా నలభై ఏళ్ళ సర్వీసులో నా ప్లేటు ఒకటి అంత దూరం పోయింది అదొక్కసారే.

ఆ రోజు మాత్రం అతను ఇంకో మాట కూడా అన్నాడు. "గా మొదటి పురుగు జ్యోతినగర్‌ది, ఆఫీసరుది. అండ్ల చెడిపోయింది మన మందమర్రిది. గిది రాసుకోండ్రి." మేనేజరు గారు కలం మూసి, "చూడండి, ప్రాంతం గొడవను ఇందులోకి తేవద్దండి" అన్నారు. డాక్టరు గారు లేచి వెళ్ళి కిటికీ తెరిచారు. ఆ విచారణ మొత్తంలో ఆయన చేసిన పని అదే.

అంతా సద్దుమణిగాక మేనేజరు గారు నన్నడిగారు. "ఈ ఇచ్చిపుచ్చుకోడానికి ఎంతసేపు పట్టిందండీ?"

"నాలుగు గంటలు సార్."

"షిఫ్టు ఎనిమిది గంటలు కదండీ. సరిపోతుంది."

రుజువు తెమ్మంటే తెచ్చాను. తెచ్చిన రుజువు లచ్చవ్వ మెడకే పడింది. ఆమె నా మూడు ప్లేట్ల వంక చూసి, కొంగు దులుపుకుని డ్యూటీకి పోయింది.

వాచ్‌మన్ పుస్తకం

రెండు పురుగులు కలవాలంటే ఇంజనీరు మూత్రం తగిలినది ఏదో రాజేశం సంచికి తగలాలి. ఆ రెండు మంచాలకూ పోయేది జగ్గు ఒక్కటే. జగ్గు ఎక్కడ తిరిగిందో చెప్పగలిగింది మేనేజరు గారి బిళ్ళలే. అన్నాళ్ళూ నేను నవ్విన పుస్తకాన్ని కిటికీ దగ్గర నిలబడి చదివాను.

శుక్రవారం, లచ్చవ్వ తిరిగొచ్చిన రోజు, జగ్గు స్పెషల్ రూముకు పోనేలేదు. పోదు కూడా. ఇంజనీరు గురువారమే డిశ్చార్జి అయిపోయాడు. గురువారం, మంగళవారం, సోమవారం జగ్గు వేర్వేరు వేళల్లో పోయింది, మధ్యలో బ్లీచింగులో మునిగింది. ఇంజనీరు మంచం నుంచి నేరుగా రాజేశం మంచానికి పోయింది ఒక్కసారే. బుధవారం, పొద్దున తొమ్మిదిన్నర. బిళ్ళ నంబరు ఏడు.

ఏడో నంబరు ల్యాబుది. నాది.

అప్పుడు గుర్తొచ్చింది. ఇద్దరికీ ఇరవై నాలుగు గంటల మూత్రం పరీక్ష ఉంది, మొత్తం ఎంతో కొలవాలి. ఆయా లేదు. ఆ రోజు పదింటి నుంచి రాస్తారోకో, ఆలోపల ఇల్లు చేరాలని నా ఆత్రం. ఇంజనీరు సంచి కుళాయి తిప్పాను, కొలిచాను, జగ్గును నీళ్ళ కుళాయి కింద ఒక్కసారి కడిగాను. రాజేశం దగ్గరికి పోయాను. చేతులకు గ్లౌజులు ఉన్నాయి. అదే జత. పిల్లలూ, ఇది రాసి పెట్టుకోండి. ఆ గ్లౌజు నా చేతిని కాపాడింది, రాజేశాన్ని కాదు. సంచి కుళాయి జగ్గు అంచుకు తగిలింది కూడా. చూశాను. పర్వాలేదనుకున్నాను. ఆ మాట మన వృత్తిలో చంపినంతగా ఏ పురుగూ చంపలేదు.

ఆ పుస్తకం సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. వాచ్‌మన్‌కు రాయడమే తెలుసు, చదవడం అతని పని కాదు. ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. భయం వేసింది. ఉద్యోగం పోతుందని కాదు, 'ల్యాబు సారే తెచ్చాడట' అని బజారులో అంటారని. లచ్చవ్వ మొదటి రోజు నాతో చెప్పింది సరిగ్గా ఆ భయమే. అప్పుడు తల ఊపాను, అర్థమైంది మాత్రం ఇప్పుడు.

బాధ్యులు అన్న గడి

మర్నాడు విచారణలో పుస్తకం తెరిచి అందరి ముందూ చదివాను. ఏడో నంబరు నాదేనని చెప్పాను. విచారణ ఫారం నా వైపు లాక్కుని, 'బాధ్యులు' గడిలో లచ్చవ్వ పేరు కొట్టేసి, నా కలంతో నా పేరు రాశాను.

మేనేజరు గారు కాగితం వంక చూశారు, నా వంక చూశారు. "ఏవండీ, మీ పేరు రాస్తే ల్యాబు ఎవరు చూస్తారండీ? ఓనరు గారికి ఏం చెప్పమంటారు? మీరు చదువుకున్నవాళ్ళు, కావాలని చేశారా ఏమిటి?"

"లచ్చవ్వ కావాలని చేసిందనే రాశారా సార్?"

ఆయన నిజంగానే ఇబ్బంది పడ్డారు. స్కేలు పెట్టి నా పేరును నీటుగా కొట్టేశారు. గడి ఖాళీగా ఉంచితే ఫారం చెల్లదు. కాసేపు ఆలోచించి అందులో 'స్టీలు జగ్గు' అని రాశారు. శిక్ష అన్న గడిలో 'విధుల నుంచి తొలగింపు' అని రాసి సీలు వేశారు. జగ్గుకు తాడు కట్టి, చీటీ అంటించి, స్టోర్‌లో తాళం వేశారు. ఆ వారంలోనే మంచానికొక జగ్గు వచ్చింది. ఆ తర్వాత అట్లాంటి కేసు మళ్ళీ రాలేదు.

కొమురయ్య లచ్చవ్వ భుజం తట్టి, గెలిచినట్టు నవ్వుతూ పోయాడు. డాక్టరు గారూ పోయారు. నేను ప్లేట్లు సర్దుకుంటుంటే లచ్చవ్వ టేబులు దగ్గరికొచ్చి ఆ ఫారం తన వైపు తిప్పుకుంది. ఆమెకు తన పేరు గుర్తుపట్టేంత చదువు వచ్చు. కొట్టేసిన తన పేరు మీద వేలు పెట్టింది. దాని కింద కొట్టేసిన నా పేరు మీద పెట్టింది. ఆమె నాకు దండం పెడుతుందనో, మంచోనివి సారూ అంటుందనో నేను అనుకున్నాను. అనుకున్నానని ఒప్పుకోవడానికి ఇవాళ్టికీ సిగ్గేస్తుంది.

"నా పేరు రాయనీకి వాళ్ళకు ఒక్క మాట అడుగుడు గూడ అవసరం పడలే సారూ," అంది. "నీ పేరు నువ్వే రాసుకున్నా నిలవనియ్యలే."